ఆదివారం చూపిన ఇల్లు

ఇళ్ల ఏజెంటు తిరుమల ఆదివారం నాడు ఎవరికీ ఇల్లు చూపించదు. ఎంత పెద్ద పార్టీ అయినా సరే, కరీంనగర్ నుంచి కారేసుకుని వచ్చినా సరే, "సోమారం రండ్రి, పగటీలి రెండింటికి" అని ఫోన్ పెట్టేస్తుంది. ఆ వేళే ఎందుకో గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఓపెన్‌కాస్టు గని మీద సైరన్ కూస్తుంది. కాసేపటికి నేల కింద ఎవరో పెద్ద తలుపు విసిరికొట్టినట్టు దబ్బుమంటుంది. కిటికీలు గలగలలాడతాయి, వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి తాకుతాయి. ఆదివారం మాత్రం బ్లాస్టింగ్ ఉండదు. ఆ ఒక్కరోజు ఊళ్లో ప్రతి ఇల్లూ బుద్ధిగా నిలబడి ఉంటుంది.

ఆమె స్కూటీ డిక్కీలో ఒక రాగి చెంబు ఉంటుంది. కొనేవాళ్లను నడింట్లో నిలబెట్టి, చెంబును అంచుదాకా నీళ్లతో నింపి గచ్చు మీద పెట్టి, "ఏం మాట్లాడకుండ్రి, ఊకె చూడుండ్రి" అంటుంది. దబ్బుమన్నప్పుడు నీళ్లు వణికితే వణకనీ, వణకని ఇల్లు ఈ ఊళ్లో ఎక్కడుంది? కానీ పొర్లి గచ్చు తడిస్తే మాత్రం చెంబు ఎత్తుకుని బయటికి నడుస్తుంది. అమ్మేవాడు వెనకాల ఎంత మొత్తుకున్నా తిరిగి చూడదు. మిగతా ఏజెంట్లు ఆమెకు చెంబు తిరుమల అని పేరు పెట్టి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ల నవ్వుతో ఆమెకేం పని?

బొగ్గుబాయిలో ఏళ్లకేళ్లు పనిచేసి రిటైరై దిగిపోయిన మనిషి మొదటిసారి తన సొంత గోడకు వీపు ఆనించి కూర్చున్నప్పుడు, వాడి భార్య పొయ్యి ఏ మూలన పెట్టాలో జానలతో కొలుచుకుంటున్నప్పుడు, తిరుమలకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సంతోషంలో పడి కమీషను అడగడం మరిచి ఇంటికొచ్చిన రోజులున్నాయి, మొగుడు జగదీశ్వర్ చేత తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి. అయితే అందులో ఒక పాలు పగ కూడా ఉంది. దాచుకోవడం ఎందుకు? అర్హులైనవాళ్లకు గట్టి ఇల్లు ఒకటి ఇప్పించినప్పుడల్లా ఓదెలు చెంప మీద ఒకటి ఇచ్చుకున్నంత హాయిగా ఉంటుంది ఆమెకు.

ఓదెలు ఖనిలో, అంటే ఈ గోదావరిఖనిలో, పాత ఏజెంటు, ఇప్పుడు తానే ఇళ్లు కట్టి అమ్ముతున్నాడు. తిరుమల నాయనకు ఇల్లు అమ్మింది అతనే, ఒక ఆదివారం నాడు. ఆ ఇంట్లో ఆమె అమ్మ రోజూ సైరన్ వినగానే చేతిలో పని వదిలేసి వచ్చి కూరగిన్నె మీద అరచెయ్యి కప్పేది, పైనుంచి సున్నం పెళ్లలు రాలి కూరలో పడతాయని. పోయేదాకా అలాగే కప్పింది. తిరుమల అది మరిచిపోలేదు.

ఒక సోమవారం పొద్దుగూకే వేళ లస్మవ్వ ఆమె వాకిట్లోకి వచ్చి, రమ్మన్నా లోపలికి రాకుండా మెట్టు మీదే కూలబడింది. కొంగు ముడి విప్పింది. అందులో అరచెయ్యంత సిమెంటు పెళ్ల ఉంది.

"పాలు పొంగిద్దామని గచ్చు కడుగుతున్న బిడ్డా. సైరన్ కూసింది. నడింటి గోడ నా కండ్ల ముంగటనే పైనుంచి కిందిదాక నోరు తెరిచింది" అంది.

లస్మవ్వ మొగుడు ఆగయ్య కిందటి నెలలోనే బాయి నుంచి దిగిపోయాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. కొత్తగా అలాటైన పిల్లగాడు అప్పుడే పెండ్లాన్ని వెంటేసుకొచ్చి, కూలరు ఏ కిటికీకి సరిపోతుందో చూసుకుని పోతున్నాడు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకూ ఇల్లు కావాలి. ఆ తొందరలో ఈ ముసలివాళ్లు ఓదెలు కొత్తగా కట్టిన వరసలో మొదటి ఇంటికి బయానా డబ్బు ముందుగానే ఇచ్చేశారు. ఓదెలు భార్య సమ్మవ్వదీ లస్మవ్వదీ ఒకటే తల్లిగారి ఊరు. చిన్నప్పుడు కలిసి పత్తి ఏరినవాళ్లు. ఆ నమ్మకంతో, ఓదెలు ఆదివారం రమ్మంటే ఆదివారమే వెళ్లి చూసి, నచ్చిందని తలూపి, తాళం చెవి తీసుకుని వచ్చారు.

ఆగయ్య అప్పటినుంచి అన్నం ముట్టలేదట. ఇంట్లో ఏదడిగినా, గోడలోకి నా వేళ్లు పోతున్నయి అని మాత్రమే అంటున్నాడట. అది చెబుతున్నప్పుడు లస్మవ్వ ఏడవలేదు. సిమెంటు పెళ్లను మళ్లీ భద్రంగా కొంగున ముడేసుకుంది. 

ఆ సమయానికి తిరుమల చేతిలో ఒక మంచి ఇల్లుంది. సదాశివ అని మంథనివైపు పెద్దమనిషి, ఖనిలో పిల్లలకు చదువు చెప్పి రిటైరైనవాడు, భార్య సరస్వతమ్మతో కలిసి మంథనిలో అన్నదమ్ముల దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ఆయన ఇల్లు గోదావరి ఒడ్డుకు పోయే దారిలో, గనికి చాలా దూరంగా, రాతి నేల మీద ఉంది. వరండా ముందు సరస్వతమ్మ పెట్టిన బీరపాదు. పెద్దపల్లి పార్టీ ఒకటి దాని కోసం తిరుగుతూనే ఉంది. తిరుమల మొహం చూసి సదాశివ పున్నమి దాకా ఆగుతానని మాటిచ్చాడు. లస్మవ్వకు బయానా వెనక్కి వస్తే ఆ ఇల్లు. రాకపోతే నోరు తెరిచిన గోడ, అదీ కాదనుకుంటే రోడ్డు.

మంగళవారం పొద్దున తిరుమల లస్మవ్వను స్కూటీ వెనకాల ఎక్కించుకుని మొగిలి హోటల్ దగ్గరికి పోయింది. మొగిలి చాయ హోటల్ ఓదెలు వరసకు ఎదురుగా ఉంటుంది. ఓదెలు ఆఫీసు అంటే ఆ హోటల్ ముందు వేసిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీయే. బయానాకు సాక్షి సంతకం పెట్టింది కూడా మొగిలే. ఓదెలు ఇస్త్రీ బట్టల్లో, నుదుట ఇంత బొట్టుతో, కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. లస్మవ్వ కొంగు విప్పి పెళ్ల చూపిస్తే, దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కొత్త ఇల్లన్నాక ప్లాస్టరు కొంత సర్దుకుంటుందని, ఒక మేస్త్రీని పంపిస్తానని, ఫికర్ చెయ్యొద్దని తియ్యగా చెప్పాడు. లస్మవ్వ బయానా అడిగింది. అప్పుడు కాలు కిందికి దించాడు.

"బయానా ఇచ్చినోడు ఎనుకకు జరిగితే బయానా పోతది. అమ్మేటోడు ఎనుకకు జరిగితే రెండింతలు కట్టియ్యాలె. ఇది నేను పెట్టిన రివాజా అక్కా? ఈ తిరుమల నాయనప్పుడు గూడ ఇదే లెక్క. అడుగు."

తిరుమల చేతిలో చాయ గ్లాసు ఉంది. దాన్ని అతని మొహాన కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది కూడా. దించి, తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

లస్మవ్వ ఊరుకోలేదు, సమ్మవ్వనడుగుతానంది. ఓదెలు ఇల్లు ఊరి ఆ కొసన, రెండంతస్తులది, గేటుకు సింహాలు చెక్కించాడు. సమ్మవ్వ తలుపు సగం తెరిచి, సగం వెనకాల నిలబడి, లస్మవ్వ చెప్పిందంతా విన్నది. చిన్ననాటి స్నేహితురాలి మొహంలోకి ఒక్కసారి కూడా చూడలేదు. చివరికి "నాకేం తెల్వదు లస్మీ" అని తలుపు మూసింది. మొగుడికి తగ్గ పెండ్లామే దొరికింది అనుకుంది తిరుమల. పగ అంటూ పెట్టుకున్నాక ఒకరితో ఆపడం ఎందుకని, సమ్మవ్వను కూడా అందులో చేర్చేసింది.

తిరిగి వస్తూ వస్తూ, చౌరస్తా దాటాక, తిరుమల ఉన్నట్టుండి స్కూటీ పక్కకు ఆపింది. ఓదెలు చెప్పిన రివాజులో రెండో ముక్క అప్పుడు చెవిలో మోగింది. అమ్మేటోడు ఎనుకకు జరిగితే.

"అవ్వా, తాళం చెవి నీ దగ్గర్నే ఉన్నదా?"

ఉందంది లస్మవ్వ.

"అయితే మనం ఎనుకకు జరుగుడు లేదు. ఆ ఇల్లు మనదే. రేపటి సంది ఇద్దరం పోయి అండ్లనే కూసుందాం" అంది తిరుమల. ఆమె నవ్వు చూసి లస్మవ్వకు భయమేసింది.

బుధవారం పొద్దున్నే ఇద్దరూ వెళ్లి మొదటి ఇంటి వరండా ఊడ్చి, ముగ్గేసి, చాప పరిచారు. ఓదెలు వరసలో ఆరు ఇళ్లు. పాత గుంతలో గని మట్టి పోసి చదును చేసి కట్టినవి. మిగతా ఐదింటికి పోవాలంటే ఈ వరండా ముందు నుంచే పోవాలి, వేరే దారి లేదు. మామూలు రోజుల్లో బేరాలకు వచ్చేవాళ్లను ఓదెలు పదకొండు లోపే చూపించి పంపించేస్తుంటాడు. ఆ రోజు కూడా ఒక జంటను అలాగే తీసుకొచ్చాడు. వాళ్లు వెనక్కి వస్తుంటే లస్మవ్వ వరండాలోంచి ఎంతో ప్రేమగా పిలిచింది. మనం పక్కపక్కన ఉండబోతున్నం, చాయ తాగకుండ పోతె ఎట్ల, పగటీలి దాక ఉండి బువ్వ తినిపోండ్రి అంది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏముంది? ఓదెలు పళ్లు ఇకిలించి నిలబడ్డాడు. జంట కూర్చుంది. చాయ తాగింది, మక్కగారెలు తిన్నది. రెండింటికి సైరన్ కూసినప్పుడు తిరుమల రాగి చెంబు నింపి వాళ్ల మధ్యలో పెట్టింది.

దబ్బుమంది, చెంబు పొర్లింది. జంటలోని ఆమె చీర కుచ్చెళ్లు తడిశాయి. లోపల గోడ నుంచి ఏదో జలజలా రాలిన చప్పుడైంది. ఇద్దరూ లేచి చెప్పులేసుకున్నారు.

గురువారం క్వార్టర్ల ఆడవాళ్లు కూడా వచ్చారు. పూలమ్మ పల్లీలు వేయించి తెచ్చింది. ఒకామె పప్పు ఏరుకునే చాట కూడా తెచ్చుకుంది. మందమర్రి నుంచి వచ్చిన ఒక కుటుంబం, డ్యూటీ దిగి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు, అందరూ లస్మవ్వ చాయ తాగారు, అందరూ చెంబు చూశారు. ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, ఎవరి పేరూ ఎత్తకుండా, పెళ్లివారికి మర్యాద చేసినట్టు చేసి పంపింది లస్మవ్వ. తిరుమల గోడవారగా కూర్చుని ఓదెలు మొహాన్నే చూస్తూ పల్లీలు నమిలింది. ఏళ్ల తరబడి తిన్న ఏ తిండీ ఆమెకు అంత రుచిగా అనిపించలేదు.

ఓదెలు మొదట నవ్వాడు. చెంబు నిండుగా పోస్తే గాలికి కూడా పొర్లుతుందన్నాడు. తరవాత తిరుమలను పక్కకు పిలిచి, రెండు ఇళ్ల బేరం నీకే అప్పజెబుతా అన్నాడు. ఆమె చెవి గోక్కుంది. సాయంత్రానికి ఆగయ్య దగ్గరికి మనిషిని పంపి, ముసలితనంలో గొడవలు మంచివి కావని చెప్పించాడు. ఆగయ్య ఆ మనిషికి మంచినీళ్లిచ్చి పంపేసి, మర్నాడు తాను కూడా వచ్చి వరండాలో చాప మీద కూర్చున్నాడు.

శుక్రవారం ఓదెలు వెంట వచ్చింది మామూలు బేరం కాదు. మిగిలిన ఐదు ఇళ్లూ ఒకేసారి కొంటానన్న వ్యాపారి, తెల్ల జీపులో వచ్చాడు. పొద్దున్నే చూపించి పంపాలని ఓదెలు చూశాడు గానీ, ఆయన దారిలో భోజనం చేసి తీరిగ్గా ఒంటిగంటన్నరకు దిగాడు. లస్మవ్వ పిలిచింది. ఓదెలు వద్దు వద్దంటున్నా ఆయన వరండా ఎక్కి చాయ అడిగాడు. మొగిలి కెటిలు పట్టుకుని రోడ్డు దాటి వచ్చి గ్లాసుల్లో పోస్తుండగానే సైరన్ కూసింది. తిరుమల చెంబు పెట్టింది.

వ్యాపారి చెంబు వైపు చూశాడు, తడిసిన తన బూట్ల వైపు చూశాడు, లోపలికి వెళ్లి గోడలోకి వేలు పెట్టి చూశాడు. బయటికొచ్చి జీపెక్కాడు. డ్రైవరు ఇంజన్ తిప్పుతుండగానే ఓదెలు చెంబును కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి ముగ్గులో పడింది.

"నీకు ఇల్లు అమ్మను! ఎవలకన్న అమ్ముత గని నీకైతె అమ్మను. తాళం ఇటు పడేసి నడువుండ్రి" అని లస్మవ్వ మీదికి వేలు చూపించి అరిచాడు.

తిరుమల నెమ్మదిగా లేచి వెళ్లి చెంబు తీసింది. సొట్ట పడింది. కొంగుతో తుడిచింది. ఈ ఒక్క మాట కోసమే మూడు రోజులుగా ఈ వరండాలో కాసుకుని కూర్చుంది ఆమె. గొంతు తగ్గించి అడిగింది.

"మొగిలన్నా, ఓదెలు కాక ఏమన్నడు?"

మొగిలి కెటిలు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. అతని హోటల్‌కు రోజూ పొద్దున మొదటి గిరాకీ ఓదెలే. ఓదెలు కోసం వచ్చే జనంతోనే అతని గ్లాసులు తిరుగుతాయి. ఓదెలు అతని వైపు చూశాడు. మొగిలి లస్మవ్వ వైపు చూశాడు, ఆగయ్య వైపు చూశాడు.

"ఇల్లు అమ్మనన్నడు. సాచ్చికం పెట్టినోన్ని, ఇన్నదే చెప్తున్న. అమ్మేటోడే ఎనుకకు జరిగిండు" అన్నాడు.

అది కోపంలో నోరు జారిన మాట అన్నాడు ఓదెలు. కొంచెం సేపటికి గొంతు మార్చి, అక్కా తమ్ముండ్ల లెక్క బతికేటోళ్లం అన్నాడు. చాటల్లో పప్పు ఏరుతున్న ఆడవాళ్లు తలెత్తి చూస్తూనే ఉన్నారు. జీపు ఇంకా కదల్లేదు, వ్యాపారి కిటికీ అద్దం దించి వింటున్నాడు. బయానా దగ్గర మాట తప్పినవాడితో ఖనిలో రేపు ఎవడూ బేరానికి చాప మీద కూర్చోడు. ఆ సంగతి ఓదెలుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. శనివారం సాయంత్రం మొగిలి హోటల్ బల్ల మీద, రివాజు ప్రకారం రెండింతలూ పెట్టి లేచిపోయాడు.

పున్నమికి ముందే సదాశివ ఇల్లు ఆగయ్య పేరున రిజిస్ట్రీ అయింది. సరస్వతమ్మ వెళ్తూ వెళ్తూ, బీరపాదుకు పొద్దున పూట నీళ్లు పొయ్యమని లస్మవ్వకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. తాళం చెవి తిరుమల తన చేత్తో ఇచ్చింది. లస్మవ్వ వంటింట్లోకి పోయి, మూలకు కూర్చుని, జానలతో గచ్చు కొలవడం మొదలుపెట్టింది. ఆగయ్య నడింట్లో గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు. వాళ్లిద్దర్నీ చూస్తూ తిరుమల గడపలోనే చాలాసేపు నిలబడింది. కళ్లు తుడుచుకుంది. ఇంటికి పోయాక కమీషను సంగతి గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

ఇక్కడితో కడుపు చల్లబడాలి. చల్లబడలేదు. పాలు పొంగించే రోజున ఓదెలును పిలవాల్సిందేనని పట్టుబట్టింది తిరుమలే. లస్మవ్వ వద్దంది, ఆగయ్య వద్దన్నాడు. బొట్టు పెట్టి మరీ పిలిపించింది. రాకపోతే మొహం చెల్లక రాలేదంటారని ఓదెలు వచ్చాడు, సమ్మవ్వను తీసుకుని. సమ్మవ్వ తల్లిగారి ఊరి మనిషని లస్మవ్వకు రవికె గుడ్డ తెచ్చింది. లస్మవ్వ దాన్ని కళ్లకద్దుకుని తీసుకుంది. తిరుమల అయితే మొహాన కొట్టేది.

భోజనాలయ్యాయి. అందరికీ చాయ ఇస్తుండగా గని సైరన్ వినిపించింది, ఎక్కడో దూరంగా. తిరుమల సొట్ట పడ్డ చెంబు తీసుకొచ్చి, అంచుదాకా నింపి, సరిగ్గా ఓదెలు కాళ్ల ముందు పెట్టింది.  దూరాన ఎవరో గుమ్మం తట్టినంత చప్పుడైంది. చెంబులో నీళ్ల మీద ఒక సన్నటి ముడత పడి, మాయమైంది. చుక్క పొర్లలేదు. పూలమ్మ పగలబడి నవ్వింది. ఆమె వెంట మిగతావాళ్లు నవ్వారు.

ఓదెలు నవ్వలేదు. వంగి చెంబులోకే చూస్తున్నాడు. తరవాత తిరుమల పక్కకు జరిగి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"నాకు గూడ గిసొంటి ఇల్లొకటి చూడు బిడ్డా. గని మా ఇంటి దిక్కు జరుగుకుంట వస్తున్నది."

తిరుమల ఇన్నేళ్లూ ఎదురుచూసిన మాట ఏదో ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఇదేనని ఇప్పుడు తెలిసింది. అందరికీ వినపడేలా జవాబు చెప్పింది.

"చూస్త కాకా. ఎందుకు చూడ? ఆదివారం రా."

మళ్లీ నవ్వులు. ఓదెలు మెడ దాకా ఎర్రబడ్డాడు. ఆహా, నాయన ఉండి ఉంటే, అమ్మ ఉండి ఉంటే అనుకుంది తిరుమల. ఆ నవ్వుల మధ్య, సింహాల గేటు యజమానురాలి మొహం ఎలా ఉందో కూడా చూద్దామని సమ్మవ్వ వైపు తిరిగింది.

సమ్మవ్వ వాళ్ల మాటలు వినలేదు. గోడ పక్కన చాప మీద కూర్చుని ఉంది. ముందు చాయ గ్లాసు. సైరన్ విన్నప్పుడు దాని మీద అరచెయ్యి కప్పినట్టుంది, ఇంకా తియ్యలేదు. కళ్లు పైకప్పు మీద ఉన్నాయి. పైనుంచి ఏదీ రాలడం లేదని ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు.

తిరుమల నోట్లో నవ్వు అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి వంక చూసింది. వేళ్లు దగ్గరగా చేర్చి, సందు లేకుండా, గిన్నెను కప్పినట్టే కప్పింది. ఆ కప్పడం తిరుమలకు తెలుసు. ఓదెలు వైపు చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది. వెళ్లి సమ్మవ్వ పక్కన చాప మీద కూర్చుంది. సమ్మవ్వ ఉలిక్కిపడి, సిగ్గుపడి, చెయ్యి తీసేసింది.

"చిన్నమ్మా," అంది తిరుమల మెల్లగా, "కాక ఆదివారం వస్తడు, రానియ్యి. నువ్వు సోమారం రా. రెండింటికి. నేనే బండి మీద తీస్కపోత."

సమ్మవ్వ మొగుడి వైపు ఒకసారి చూసింది. తరవాత ఆ సొట్ట చెంబు వైపు చూసింది.

"చెంబు తెస్తవా బిడ్డా?" అని అడిగింది.

తెస్తానంది తిరుమల. చల్లారిన చాయ పారబోసి, వేడిది తెచ్చి ఆమె ముందు పెట్టింది.